ముంగిటి పాఠశాల: శ్రీమతి తారాబాయి మోడక్

నేడు తెలుగు పల్లెలలో అంగన్‌వాడీ యను మాట ఎరుగని తల్లి యుండదు. కోడిగ్రుడ్డు, పాలు, బాలామృతము, బిడ్డను తూచు త్రాసు - ఈ గుర్తులతోనే ఆ మాట జనుల మనస్సులలో నిలిచియున్నది. కాని అది పుట్టినది తిండి పంచుటకు మాత్రము కాదు, బడి నడుపుటకు. అంగణమనగా ముంగిలి, వాడి యనగా మరాఠీ భాషలో తోట. బిడ్డ బడికి రాలేనప్పుడు బడియే బిడ్డ ముంగిటికి పోవలెనను సంకల్పము ఆ పేరులోనే యున్నది. ఆ సంకల్పమును ఆచరణలో పెట్టి, అందుకు తగిన ఉపాధ్యాయినులను తీర్చిదిద్దుటకై అర్ధ శతాబ్ది కాలము శ్రమించిన సాధ్వి తారాబాయి మోడక్.

ఆమె 1892వ సంవత్సరము ఏప్రిలు 19వ తేదీన జన్మించెను. తండ్రి సదాశివ పాండురంగ కేల్కర్ ప్రార్థనా సమాజమునకు చెందినవాడు. 1867లో బొంబాయిలో వెలసిన ఆ సమాజము ఏకేశ్వరోపాసనతోపాటు స్త్రీవిద్యను, వితంతు వివాహమును ప్రోత్సహించుచుండెను. అట్టి గృహమున పెరుగుటచే తారాబాయికి చదువు నిషిద్ధ ఫలము కాలేదు. 1914లో ఆమె బొంబాయి విశ్వవిద్యాలయమున బి.ఏ. పట్టము పొందెను. ఆనాడు మన దేశమున పట్టభద్రురాలైన స్త్రీ మిక్కిలి అరుదు.

పిదప అమరావతిలో న్యాయవాదియైన కృష్ణారావు మోడక్‌తో వివాహమైనది. ఒక కుమార్తె కలిగినది. కాని ఆ దాంపత్యము నిలువలేదు; 1921 ప్రాంతమున భార్యాభర్తలు విడిపోయిరి. భర్తను వీడిన స్త్రీకి ఆనాటి సమాజమున ఎట్టి స్థానము లభించునో మన పాఠకులకు విప్పి చెప్పనక్కరలేదు. ఒడిలో పసిబిడ్డ, చేతిలో చదువు తప్ప వేరు ఆస్తి లేదు. ఆ చదువే ఆమెను సౌరాష్ట్రమునకు కొనిపోయెను. రాజకోటలో స్త్రీలకు ఉపాధ్యాయ శిక్షణ నొసగు బార్టన్ కళాశాలకు ఆమె ప్రధానాచార్యురాలయ్యెను. అంతవరకు ఐరోపా వనితలే వహించిన ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయ స్త్రీ ఆమెయే. మంచి జీతము, నివాసము, గౌరవము అన్నియు సమకూడినవి. ఒంటరి తల్లికి అంతకంటె కావలసిన దేమున్నది?

అయినను ఆమె అచ్చట నిలువలేదు. భావనగరమున దక్షిణామూర్తి యను విద్యాసంస్థ యొకటి నడుచుచుండెను. నానాభాయి భట్టు 1910లో దానిని స్థాపించెను. మౌనముననే శిష్యుల సంశయములను తీర్చిన ఆదిగురువు పేరు ఆ సంస్థకు పెట్టుట మన మిచ్చట గమనింపదగును. ఆ సంస్థలో 1920 ఆగస్టున గిజుభాయి బధేకా అను మాజీ న్యాయవాది రెండున్నర ఏండ్లు మొదలు ఆరేండ్ల వరకుగల బిడ్డలకై బాలమందిరమును తెరచెను. తన కొడుకును ఎట్లు పెంచవలెనను చింతతో ఆయన పుస్తకములు వెదకి, ఇటలీ దేశీయురాలగు డాక్టరు మరియా మాంటిసోరి గ్రంథములను చదివి, వకీలు వృత్తి వదలి బిడ్డలలో బిడ్డయైనవాడు. మీసములున్న తల్లియని గుజరాతు ప్రజలు ఆయనను ముద్దుగా పిలుచుకొనిరి. తారాబాయి ఆ బాలమందిరమును చూచెను. ఆ పనియందు ఆమెకు మనసు కుదిరెను. రాజకోట కొలువు విడిచి, కుమార్తెను వెంటబెట్టుకొని 1923లో భావనగరము చేరెను. అచ్చటి జీతము రాజకోట జీతముతో పోల్చదగినది కాదు.

ఈ యిరువురు కూడి చేసిన పని యేమో కొంత వివరముగా తెలిసికొనుట యవసరము. ఆనాటి బడి యనగా బెత్తము, గొంతెత్తి వల్లెవేయుట, గోడకుర్చీ, గుంజీలు. ఐదేండ్లు నిండని బిడ్డకు చదువే యుండదని లోకము తలంచుచుండెను. మాంటిసోరి 1907లో రోము నగరమున నిరుపేదల పేటలో బాలగృహమును తెరచి, ఆ వయస్సు బిడ్డయే అన్నిటికంటె ఎక్కువ నేర్చుకొనునని కనుగొనెను. బొత్తాములు పెట్టుకొనుట, నీరు ఒలకకుండ పోయుట, బరువులు రంగులు ధ్వనులు వేరుపరచుట - ఈ పనులలో బిడ్డ తన చేతులతో తానే తన బుద్ధిని పదును పెట్టుకొనును. ఆమె పద్ధతిలో మౌనక్రీడ యొకటి కలదు. గదిలోని బిడ్డలందరును కదలక మెదలక కూర్చుండి, దూరమునుండి మెల్లగా పిలువబడు తమ పేరు కొరకు చెవియొగ్గి యుందురు. నలుబదిమంది చిన్నవారు బెత్తము భయము లేకయే నిశ్శబ్దముగా నుండుట చూచినవారికి అది అద్భుతముగా తోచెడిది. దక్షిణామూర్తి పేరు పెట్టుకొన్న చోట మౌనముతో పాఠము చెప్పుట యెంతయు తగియున్నది.

అయితే ఈ బడికి వలసిన గురువు ఎచట దొరుకును? చిక్కు అక్కడనే యుండెను. పెద్ద తరగతికి పాఠము చెప్పువాడు పుస్తకము తెలిసియున్న చాలును. పసిబిడ్డ వద్దకు పోవువారు మొదట తమ్ము తాము సరిదిద్దుకొనవలెను. కోపము, తొందర, తనకే తెలియునను గర్వము - వీనిని వదలనిచో ఎన్ని ఉపకరణము లున్నను ఫలము లేదు. తానై చేయబూనిన బిడ్డ చేతినుండి వస్తువును లాగికొని త్వరగా ముగించు అలవాటు పెద్దలందరికిని సహజము. దానిని మానుటకే నెలలు పట్టును. కనుక బాలమందిరముతోపాటు అధ్యాపన మందిరమును నెలకొల్పి, శిశువుల గురువులను తయారుచేయ నారంభించిరి. అచ్చటి విద్యార్థులు చాలనాళ్లు ఊరక గమనించుట నేర్చుకొనవలెను. ఏ బిడ్డ యేమి యెన్నుకొనెను, ఎంతసేపు చేసెను, ఎప్పుడు విసిగెను అని చూచి వ్రాసికొనవలెను. కథ చెప్పుట, పాట పాడుట, గోళ్లు తీయుట, ముక్కు తుడుచుట - అన్నియు విద్యలే. తారాబాయి వచ్చిన తరువాత ఈ శిక్షణము నానాటికి బలపడెను. 1926లో నూతన బాల శిక్షణ సంఘము వెలసెను. శిక్షణ పత్రిక మొదట గుజరాతీలో, తరువాత మరాఠీలో వెలువడి తల్లిదండ్రుల ఇండ్లలోనికి కూడ ఈ భావములను ప్రవేశపెట్టెను. మరాఠీ పత్రిక భారము ఆమెదే.

1936లో ఆమె బొంబాయికి మరలి దాదరులో శిశువిహారమును నెలకొల్పెను. అచ్చట కూడ బాలమందిరము ప్రక్కనే ఉపాధ్యాయినుల శిక్షణాలయ ముండెను. మూడేండ్లకు గిజుభాయి గతించెను. అదే 1939వ సంవత్సరము నవంబరులో మాంటిసోరియే స్వయముగా మదరాసు అడయారునకు వచ్చి సుమారు 300 మందికి శిక్షణ మొసగెను. దక్షిణాదిని, మన యాంధ్రమునందును ఆమె పేరిట బడులు వెలయుటకు ఆ తరగతులు దారితీసినవి. దేశమున శిశువిద్య ఒక గౌరవమైన వృత్తిగా గుర్తింపబడ నారంభించెను.

కాని ఈ బడులలో చదువుచున్న బిడ్డలెవరు? వకీళ్ల బిడ్డలు, వైద్యుల బిడ్డలు, ఉద్యోగుల బిడ్డలు. రోమునగరపు బీదల పేటలో పుట్టిన పద్ధతి మన దేశమునకు వచ్చునప్పటికి ధనికుల ముచ్చటగా మారెను. నునుపుచేసిన కొయ్య ఉపకరణములు, చిన్న కుర్చీలు, గాజు పాత్రలు - వీని ఖరీదు పల్లె భరింపగలదా? ఈ ప్రశ్న తారాబాయిని విడువలేదు. అంతలో 1945లో సేవాగ్రామమున జరిగిన సమావేశములో మహాత్మాగాంధీ నయీ తాలీమ్‌ను విస్తరించి, ఏడేండ్లకు లోపలి బిడ్డల విద్యను కూడ దానిలో చేర్చెను. ఆ యేటి చివరనే తారాబాయి, ఏబదిమూడేండ్ల వయస్సున, నగరమును వీడి ఠాణా జిల్లాలో సముద్రతీరమునగల బోర్డి గ్రామమున గ్రామ బాల శిక్షా కేంద్రమును ప్రారంభించెను.

ఆమెకు తోడుగా వచ్చినది అనుతాయి వాఘ్. పదుమూడవ యేట పెండ్లియై, ఆరు నెలలు గడువకముందే భర్తను కోల్పోయి, స్వయంకృషితో చదువుకొని ఉపాధ్యాయినియైన వనిత యామె. కస్తూరిబా స్మారక నిధి పక్షమున గ్రామసేవికలకు జరిగిన శిబిరమున ఈ యిరువురికి పరిచయమైనది. భర్తనుండి విడిపోయిన స్త్రీ ఒకరు, భర్త పోయిన స్త్రీ ఒకరు. లోకము అమంగళమని ప్రక్కకు నెట్టు ఈ యిరువురి చేతులమీదుగనే వేలకొలది బిడ్డలకు ఓనమాలు దిద్దుట జరిగినది.

బోర్డి పరిసరములు సపోటా తోటలకు ప్రసిద్ధము. తోటలు కొందరివి, పని చేయువారు హరిజనులు, వార్లీ గిరిజనులు. వెట్టిచాకిరిలో నలిగిన వార్లీలు అదే 1945లో భూస్వాములపై తిరుగబడిరి. అట్టి చోట బాలవాడి తెరచి, పిల్లలను పంపుడని పిలిచినంతమాత్రమున ఎవరు పంపుదురు? ఊరి నడుమ నున్న బడికి పెద్దకులముల బిడ్డలు వచ్చిరి. చివరి వాడల బిడ్డలు రాలేదు. తల్లి కూలికి పోవును. ఇంటిలో ఏడెనిమిదేండ్ల అక్క చంటివానిని చంకనెత్తుకొని తిరుగుచుండును. స్నానము లేదు, గుడ్డ లేదు. బడియనిన భయము, అచ్చటి వారనిన మరింత భయము.

అప్పుడు తారాబాయి చేసిన పని మిక్కిలి సులభముగా కనబడును.  బడి రెండు భాగములైనది. ఒకటి ఊరిలోని కేంద్ర బాలవాడి. రెండవది వాడలోని అంగన్ బాలవాడి. ఉపాధ్యాయిని నిర్ణీత సమయమున చిన్న సంచితో వాడకు పోయి, ఒక ఇంటి ముంగిట చాప పరచి కూర్చుండును. మొదటి పాఠము నీళ్లు, సబ్బు, దువ్వెన. తరువాత పాట, కథ, ఆట. ఉపకరణములు ఆ ఊరివే: గవ్వలు, గులకరాళ్లు, చింతపిక్కలు, ఆకులు, ఈకలు, వెదురు ముక్కలు, మట్టి. పెద్దదానికిని చిన్నదానికిని తేడా, బరువునకును తేలికకును తేడా చూపుటకు ఇటలీ దిమ్మలే కావలెనా? వేర్వేరు కొలతల కొబ్బరి చిప్పలు వరుసగా పేర్చినను అదే పాఠమగును. మాంటిసోరి సూత్రమును విడువక, వస్తువును మాత్రము మార్చుట ఈ విధానపు జీవము. శుద్ధ మాంటిసోరి వాదులకు ఇది రుచింపకపోవచ్చును. అయినను పల్లె బిడ్డ చేతికి అందని ఉపకరణముకంటె అందిన గవ్వయే మేలైనదనుటలో సందేహము లేదు.

ఇచ్చట శిక్షణ సమస్య మరల తలయెత్తెను, అదియు కొత్త రూపమున. పట్టణమున చదివిన యువతి వాడలో ఎన్నాళ్లు నిలుచును? ఆమెకు వార్లీ మాట రాదు. బిడ్డకు ఆమె మరాఠీ తెలియదు. ఊరి స్త్రీకి బిడ్డలు తెలియుదురు, భాష తెలియును, చదువు తక్కువ. తారాబాయి, అనుతాయి ఊరి స్త్రీలను చేర్చుకొని శిక్షణ నొసగు మార్గమును పట్టిరి. వారికి ఉపన్యాసములు కొద్ది, పని యెక్కువ. పనిచేయుచున్న బాలవాడియే వారి కళాశాల. ఉదయము బిడ్డలతో గడపి, పిదప చూచినది చర్చించి, మరునాటికి కావలసిన బొమ్మలు, పాటలు తామే సిద్ధము చేసికొనవలెను. పదవ తరగతి దాటని స్త్రీ శిశువిద్యను అర్థము చేసికొనగలదా యని సందేహించిన విద్యాధికులు లేకపోలేదు. చక్కగా పాట కట్టి, ఏడ్చు బిడ్డను ఊరడించి, ఎవడు మందకొడిగా నున్నాడో కనిపెట్టగల స్త్రీకి పట్టము కొరత పెద్ద కొరత కాదని కేంద్రపు అనుభవము చూపినది. అయితే తారాబాయి చదువును చులకన చేయలేదు. తక్కువ చదివినవారికి తక్కువ శిక్షణ చాలునని ఆమె ఎన్నడు తలంపలేదు. వారికే యెక్కువ కాలము, యెక్కువ శ్రద్ధ కావలెనని ఆమె పద్ధతియంతయు చాటుచున్నది.

1957లో కేంద్రము అచ్చటికి సమీపముననే యున్న కోస్బాడ్ కొండకు తరలెను. చుట్టును వార్లీల గుడిసెలు. పెద్ద బిడ్డలు బడికి రాకుండుటకు రెండు కారణములు కనబడినవి: తమ్ముడు చెల్లెళ్లను ఎత్తుకొనుట, పశువులను కాచుట. మొదటిదానికి మందుగా శిశుసదనము, బాలవాడి, ప్రాథమిక పాఠశాల మూడును ఒకే ఆవరణమున ఏర్పడినవి. అక్క చంటివానిని ఊయలలో వేసి, నడుమవానిని బాలవాడిలో కూర్చుండబెట్టి, తాను తరగతికి పోవును. దీనికి వికాసవాడి యని పేరు. రెండవదానికి మందు పచ్చికబీడు పాఠశాల. పశువులు మేయు చోటికే గురువు పోయి, చెట్టుక్రింద పాఠము చెప్పును. పగలు వీలుకానివారికి రాత్రి బడి. ఆడపిల్ల చంకలోని బిడ్డను చూచి, అది బడికి అడ్డమని కసరక, ఆ బిడ్డకు కూడ చోటు చూపుట ఎంత సూక్ష్మమైన దృష్టియో యోచింపదగును.

ఇదే కాలమున మన తెలుగు తల్లి దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలై, 1954 నుండి గ్రామసమూహములలో బాలవాడీలను తెరపించుచుండెను. బాలవాడీలు పెరిగినకొలది శిక్షితలైన సేవికల కొరత బయటపడెను. 1961-62లో భారత బాలల సంక్షేమ మండలి బాలసేవికల శిక్షణను ప్రారంభించెను. బోర్డి, కోస్బాడులలో చిన్న యెత్తున సాగిన ప్రయోగమునకు దేశమంతట అక్కర కలిగిన కాల మది.

ఈ కథ వార్లీ సీమకు మాత్రమే చెందినదని తలంపరాదు. గోదావరికి ఉత్తరమున, ఇంద్రావతీ శబరీ నదులు పారు బస్తరు అరణ్యసీమ మన తెలుగువారికి పరాయిది కాదు. ఓరుగల్లు పతనానంతరము కాకతీయ వంశజుడు అన్నమదేవుడు అచ్చట రాజ్యము నెలకొల్పెనని ప్రసిద్ధి. నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున ఏడు జిల్లాలుగా నున్న ఆ సీమలో గోండి, హల్బీ, భత్రీ, ధుర్వా, దోర్లీ మొదలగు భాషలు వినబడును. వీనిలో గోండి, ధుర్వా, దోర్లీ మన భాషకు చుట్టములే. అచ్చట వేసవి తొలినాళ్లలో తెల్లవారకముందే తల్లి ఇప్పపూలు ఏరుటకు అడవికి పోవును. తరువాత తునికాకు కాలము. చంటిబిడ్డ అక్క వీపున నుండును. కోస్బాడులో తారాబాయి చూచిన దృశ్యమే ఇది.

బస్తరులో అంగన్‌వాడీ కార్యకర్త సాధారణముగా ఆ గ్రామపు స్త్రీయే. ఆమె బిడ్డతో ఇంటి భాషలో మాటాడగలదు. ఇది తారాబాయి కోరిన సంపదయే. కాని పుస్తకము హిందీలో నుండును. బిడ్డ ముందు తెలియని మాట, తరువాత తెలియని అక్షరము నేర్చుకొనవలసి వచ్చును. దినములో అధిక భాగము వంట, తూకము, పట్టీలు నింపుట అను పనులకు పోవును. పాటకు, ఆటకు మిగులు కాలము స్వల్పము. 2005 తరువాతి సంవత్సరములలో కలహములచే ఆ సీమలో పల్లెలు ఖాళీయై, బడి భవనములు పాడైన చోట్లు పెక్కు. భవనముపై ఆధారపడిన బడి అట్టి దినములలో మూతపడును. ఊరి స్త్రీపై, చాపపై ఆధారపడినది ఎట్లో సాగవచ్చును. అందుచేతనే కార్యకర్తకు ఇచ్చు శిక్షణ అచ్చట ఇంకను ముఖ్యము. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఇంటరు చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ శిక్షణను, అంతకంటె తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమాను సూచించినది. తక్కువ చదివినవారికి తక్కువ కాక యెక్కువ శిక్షణ నొసగు ఈ యేర్పాటు, ఎవరి పేరు చెప్పకున్నను, తారాబాయి మార్గముననే నడచుచున్నది. ఇంటి భాషలోనే ప్రారంభింపవలెనని కూడ అదే విధానము చెప్పుచున్నది. కాగితముమీది ఈ వాక్యములు అడవిలోని ముంగిటికి చేరుటకు శిక్షకుల కొరతయే పెద్ద అడ్డంకి. గోండిలో కథ చెప్పి, గోండిలో పాట నేర్పి కార్యకర్తలను తీర్చగలవారు ఎందరు?

తారాబాయికి 1962లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదు నొసగెను. బిరుదు వచ్చిన తరువాతను ఆమె నివాసము, దినచర్య మారలేదు. వయస్సు పైబడినకొలది కేంద్రపు భారమును అనుతాయికి అప్పగించుచు, అనుభవములను గ్రంథస్థము చేయుచు గడపెను. 1973 ఆగస్టు 31వ తేదీన ఆమె దేహము చాలించెను. రెండేండ్లకు, 1975 అక్టోబరు 2న, కేంద్ర ప్రభుత్వము సమగ్ర శిశు అభివృద్ధి పథకమును 33 ప్రాంతములలో ప్రారంభించి, దాని గ్రామకేంద్రములకు అంగన్‌వాడీ యని పేరిడెను. ఆ పేరు దేశమంతట మారుమ్రోగుటను ఆమె వినలేదు. కోస్బాడ్ కొండపై మాత్రము ప్రతి ఉదయము బిడ్డల స్నానములు, పాటలు యథాప్రకారము సాగుచుండెను. 1992లో తాను గతించు వరకు అనుతాయి ఆ కొండను వీడలేదు.